ముందు దుంగ

ట్రంకాల్ అన్న మాట వింటే ఆ ఇంట్లో ఎవరికైనా గుండె జారుతుంది. అందుకే మిల్లు గుమాస్తా పెరటి గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చి "చినబాబుగారికి రేపల్లె నుంచి ట్రంకాలండీ!" అని కేకేసేసరికి, మామిడికాయలు తుడుస్తున్న మాణిక్యాంబగారి చేతిలో గుడ్డ అలాగే ఆగిపోయింది. పక్కన కూర్చుని, ముచ్చిక దగ్గర కారే సొన వాసన ఎంత బాగుందో అనుకుంటున్న కొత్తకోడలు అనసూయ మాత్రం చటుక్కున లేచి గుమాస్తా వెనకే నడిచింది. పెళ్లై నెల తిరగలేదు. మొగుడు ఎటు వెళితే అటు వెళ్లడానికి ఏదో ఒక వంక దొరికితే చాలనిపించే రోజులు.

మిల్లు ఆఫీసు గదిలో ఆమె మొగుడు పాండురంగారావు ఫోను రెండు చేతులతో పట్టుకుని, తెనాలి నుంచి రేపల్లెకి ఆ తీగలు లేకపోయినా వినపడేటట్టు అరుస్తున్నాడు.

"ఏంటీ? కట్టాడా? ఎవరు, వాడేనా? దేవదానం, ఇంకోసారి చెప్పరా బాబూ! నీ కళ్లతో చూశావా?"

ఫోను పెట్టేసి ఇటు తిరిగాడు. కనుబొమల మీద తౌడు దుమ్ము. ఆ దుమ్ము రాలేటట్టు నవ్వాడు.

"అనూ, వీరాస్వామి తెప్ప కట్టాడు! దుంగలు తనే చెక్కాడట, తాళ్లు తనే వేశాడట. దించుతాడట!"

వీరాస్వామి అంటే ఎవరో అనసూయకి తెలుసు. అడవులదీవి అవతల సముద్రపొడ్డున ఉండే పల్లెలో అతనిది చేపలవేటకి వెళ్లే కుటుంబం. పాండురంగారావు బాపట్లలో చదువుకునే రోజుల్లో, ఆదివారాలు శ్రీనివాసరావు, దేవదానం అనే ఇద్దరు స్నేహితులతో కలిసి సూర్యలంక వెళ్లి సముద్రంలో పడి లేస్తుండేవాడు. వేటకొచ్చి ఆ పక్కనే తెప్ప నిలిపిన వీరాస్వామి వాళ్ల అవస్థ చూసి నవ్వి నవ్వి, చివరికి జాలిపడి, తమ పాత తెప్పలో తీసేసిన ముందు దుంగని పలచగా చెక్కి, ముక్కు కాస్త పైకి వంపు తేల్చి తెచ్చిచ్చాడు. దాని మీద బోర్లా పడుకుని లోపలికి ఈదడం, కెరటం లేచే వేళకి ముందుకు తిరగడం, అది వీపు మీదికి ఎత్తుకోగానే లేచి నిలబడటం, అన్నీ అతనే నేర్పాడు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు 'అలెక్కడం'. పెళ్లైన కొత్తలో పాండురంగారావు ఈ కథ మంచం మీద నిలబడి, చేతులు చాపి మరీ చూపించాడు. మంచం పట్టె విరిగింది. అత్తగారికి ఏం చెప్పాలో తెలియక ఇద్దరూ దిండ్లలో మొహాలు దాచుకుని నవ్వారు.

అయితే కిందటి కార్తీకంలో ఉప్పెన వచ్చింది. వీరాస్వామి ఇల్లూ, తెప్పా, ఇంకా చాలా పోయాయి. ఆనాటి నుంచీ అతను సముద్రానికి వీపు పెట్టి కూర్చుంటున్నాడని, ఎవరు పలకరించినా తల తిప్పడం లేదని దేవదానం చెబుతూ వచ్చాడు. అలాంటి మనిషి తెప్ప కట్టాడంటే మళ్లీ బతకడానికి ఒప్పుకున్నాడన్న మాట.

"మనిద్దర్నీ రమ్మన్నాడట. నువ్వు తప్పకుండా రావాలన్నాడట," అన్నాడు పాండురంగారావు. ఆ రెండో మాట దగ్గర నవ్వు కొంచెం తడబడింది. అనసూయ చూసింది గాని, సంబరంలో పట్టించుకోలేదు. ఆమె నరసరావుపేట పిల్ల. గుంటూరులో బి.ఏ. చదివింది. భూగోళం పరీక్షలో పోటుపాట్ల గురించి పేజీలకు పేజీలు రాసింది. సముద్రాన్ని మాత్రం ఇంతవరకూ చూడలేదు.

"ఆ అలెక్కే చెక్క కూడా తీసుకెళదాం. మీరు అలెక్కితే నేను చూడాలి," అంది.

ఆయన కనుబొమల మీది తౌడు తుడుచుకున్నాడు. చెక్క మిల్లు అటక మీద గోనెసంచుల వెనక ఉంది. దించేటప్పుడు దాని మీద దుమ్ము తుడిచింది అనసూయే.

తెల్లవారి మిల్లు జీపులో బయలుదేరారు. శ్రీనివాసరావునీ చూసిపోదామని, బాపట్ల మీదుగా చుట్టుదారి పట్టించాడు పాండురంగారావు. మాణిక్యాంబగారు "కొత్త పెళ్లికూతుర్ని పుట్టింటికో గుడికో తీసుకెళతారు గాని, సముద్రం మీదికి తీసుకెళతారుట్రా?" అని సణుగుతూనే పులిహోర కట్టిచ్చారు. చెక్కని జీపు పైన కొబ్బరితాళ్లతో కట్టారు. అది ముందుకీ వెనక్కీ పొడుచుకుని ఉంది. పొన్నూరులో టీ కోసం ఆగితే, కొట్టాయన దాన్నీ అనసూయ పసుపుతాడునీ మార్చి మార్చి చూశాడు.

"ఏంటి బాబూ, అమ్మాయిగారితో సారె పంపిన బల్లా? కాళ్లు మర్చిపోయినట్టున్నారే!"

అనసూయకి టీ ముక్కులోకెక్కింది. తరవాత రెండు ఊళ్ల దాకా తలుచుకుని నవ్వుతూనే ఉంది. కాలువ గట్టున నీళ్లలోకి దూకుతున్న గేదెపిల్ల, లాకు దగ్గర తామరాకులో అమ్ముతున్న తాటిముంజెలు, గాలికి పక్కకి పడిపోయే తన పైట, అన్నీ ఆ రోజు ఆమె కోసమే ఎవరో సిద్ధం చేసి పెట్టినట్టున్నాయి. కాని జీపు మాత్రం మెల్లగా పోతోంది. బాపట్ల దగ్గరపడే కొద్దీ ఇంకా మెల్లగా పోయింది.

బాపట్లలో శ్రీనివాసరావు ఇంట్లో భోజనాలయ్యాయి. విత్తనాల క్షేత్రంలో ఉద్యోగం అతనికి, మాట మాటకీ నవ్వించే మనిషి. సాయంత్రం అందర్నీ సూర్యలంక లాక్కుపోయాడు. దారి పొడుగునా సరుగుడు చెట్లు సగానికి విరిగి, ఉన్నవన్నీ ఒకే దిక్కుకి వంగి ఉన్నాయి. అనసూయ వాటిని చూస్తూ మాట తగ్గించింది. అంతలో చెట్లు అయిపోయాయి.

ఇన్ని నీళ్లు! ఆమెకి ఇంకో మాట తట్టలేదు. చెప్పులు విడిచి, కుచ్చిళ్లు కాస్త ఎత్తి పట్టుకుని తడి ఇసుకలోకి నడిచింది. నురగ వచ్చి పాదాల మీద చిటపటలాడి, వేళ్ల కింది ఇసుకని లాక్కుపోయింది. ఎవరో అరికాలు గిలిగింతలు పెట్టినట్టుంటే గట్టిగా నవ్వేసింది. ఇంకో అడుగు వేసింది. ఈసారి వచ్చిన అల మోకాళ్లు దాటింది.

"అనసూయా! వెనక్కి రా!"

ఆ కేక ఎవరిదో ఆమెకి వెంటనే తెలియలేదు. అంత పెద్ద గొంతు, అంత నిండుపేరు, ఆయన నోట ఎప్పుడూ వినలేదు. తిరిగి చూస్తే పాండురంగారావు నీటి అంచుకి అవతల పొడి ఇసుకలో నిలబడి ఉన్నాడు. బూట్లు కూడా విప్పలేదు. మొహం పాలిపోయింది.

"అలల మీద నిలబడి పాటలు పాడినవాడివి. ఇవాళ బూట్లు తడుస్తాయనేంట్రా, రంగా?" అన్నాడు శ్రీనివాసరావు.

ఎవరూ నవ్వలేదు. అన్నవాడు కూడా.

మర్నాడు రేపల్లె చేరేసరికి పొద్దు వాలుతోంది. దేవదానం అక్కడి బళ్లో లెక్కల మాస్టారు. తల్లితో కలిసి చిన్న పెంకుటింట్లో ఉంటున్నాడు. పాండురంగారావు జీపు చక్రం చూపించుకొస్తానని బజారుకి వెళ్లాడు. నిజానికి చక్రం బాగానే ఉంది. దేవదానం అరుగు మీద కుర్చీ వేసి, కాఫీ తెచ్చి ఇచ్చి, ఎదురుగా మెట్టు మీద కూర్చున్నాడు.

"మీరు ఒప్పుకున్నారు చూడండమ్మా, అదీ గొప్ప. రంగడు ఫోనులో సరే చూద్దాం అన్నాడు గాని, నాకు నమ్మకం కలగలేదు. మిమ్మల్ని చూశాక ధైర్యం వచ్చింది."

"దేనికండీ ఒప్పుకున్నది?"

దేవదానం ఆమె మొహంలోకి చూశాడు. చూసి నాలుక కరుచుకున్నాడు. కాని మాట జారాక ఇక దాచలేకపోయాడు.

ఆ పల్లెలో కొత్త తెప్ప దించాలంటే ఒక ఆచారం ఉంది. ఆ ఏడు పెళ్లైన పిల్ల ముందు దుంగ మీద కూర్చుని మొదటి కెరటం దాటాలి. దాటాక చేతిలోని పసుపు నీళ్లలో వదిలి వెనక్కి రావాలి. అప్పుడే ఆ తెప్ప వేటకి పనికొచ్చినట్టు. ఉప్పెన తరవాత అక్కడ, ఆ చుట్టుపక్కల పల్లెల్లో, ఒక్క పెళ్లిపందిరీ పడలేదు. వీరాస్వామి చెల్లెలు ప్రమీలకి మాఘమాసంలో ముహూర్తం పెట్టుకున్నారు. తన పెళ్లయ్యాక అన్న కొత్త తెప్ప కడితే తానే కూర్చుంటానని ఆ పిల్ల అందరితో చెప్పుకునేది. కార్తీకంలోనే నీళ్లు వచ్చాయి.

"వీరాస్వామిది దిగితే వెనకాల మిగతావాళ్లవీ దిగుతాయమ్మా. తెప్పలకి తాళ్లు కట్టుకుని కూర్చున్నారు. మొదటిది దిగకుండా ఎవరూ నీళ్లలోకి పోరు. సహాయం బియ్యంతో ఎన్నాళ్లు తింటారు? రంగడి పెళ్లి మాట నేను చెప్పినప్పుడు వీరాస్వామి మొట్టమొదటిసారి తల ఇటు తిప్పాడు. ఆ మర్నాడే గొడ్డలి పట్టాడు."

కాఫీ చల్లారిపోయింది. అనసూయకి ఈత రాదు. భయమంటే ఆమెకి అంతవరకూ పరీక్ష రోజు పొద్దున వచ్చే కడుపునొప్పి. ఇది అలాంటిది కాదు. నిన్న వేళ్ల కింది ఇసుకని లాక్కుపోయిన నీళ్లు ఇప్పుడు కాళ్లనే లాగుతున్నట్టనిపించింది.

పాండురంగారావు రాగానే దేవదానం ఏదో పని ఉన్నట్టు లోపలికి వెళ్లిపోయాడు.

"నాకెందుకు చెప్పలేదండీ?" అంది అనసూయ.

ఆయన జీపు తాళంచెవిని చేతుల్లో తిప్పాడు.

"చెబితే నువ్వు సరే అంటావని."

"అంటే?"

"సంతోషంగా గెంతుతూ సరే అంటావు. దేనికైనా అంటావు నువ్వు." మెట్టు మీద కూలబడ్డాడు. "ఉప్పెన వచ్చిన వారం ఇదే జీపులో బియ్యం తెచ్చాను, అనూ. ఇంటికొచ్చాక ఎవరడిగినా రోడ్లు బాలేదని చెప్పాను. చూసినవాటిలో కొన్ని మరిచిపోయాను కూడా. చీరలు మాత్రం పోవడం లేదు. తుమ్మకంపలకి చిక్కుకున్న చీరలు. గాలికి ఎగురుతున్నాయి, ఎవరో ఆరేసుకున్నట్టు. నిన్న సూర్యలంకలో నీ పైట ఎగిరింది. అంతే. నేను వీరాస్వామికి కాదని చెప్పలేను. నిన్ను కూర్చోమనీ చెప్పలేను. దారిలో ఏదైనా ఒకటి అయి, జీపు ఆగిపోతే బాగుండుననుకుంటూ వచ్చాను."

అనసూయ ఆయన పక్కన కూర్చుంది. సరే అనలేదు. కాదనీ అనలేదు. ఆయన చేతిలోంచి తాళంచెవి తీసుకుని తన కొంగున ముడి వేసుకుంది.

పొద్దున్నే ముగ్గురూ జీపులో బయలుదేరారు. అడవులదీవి దాటాక పొలాల మీద ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది. రోడ్డు పోయి ఇసుక వచ్చింది. కొత్త తాటాకు గుడిసెలు ఒక వరసలో ఉన్నాయి. వాటి ముందు పిల్లలు తక్కువ. ఆ తక్కువ ఎందుకో అనసూయకి ఎవరూ చెప్పకుండానే తెలిసింది. జీపు ఆగగానే తాళంచెవిని మళ్లీ కొంగున ముడి వేసుకుంది.

తెప్ప ఒడ్డున ఇసుక మీద ఉంది. దుంగలు ఇంకా పచ్చివాసన వేస్తున్నాయి. పక్కన నిలబడ్డ వీరాస్వామి పొడుగాటి మనిషి, వయసు పాండురంగారావుదే గాని జుట్టు చెవుల దగ్గర నెరిసింది. స్నేహితుణ్ణి కావలించుకోలేదు, పలకరించలేదు. నేరుగా జీపు దగ్గరికి వెళ్లి, పైన కట్టిన చెక్క మీద అరచెయ్యి పెట్టాడు.

"ఉంచావా దీన్ని?" అన్నాడు. "మా అయ్య తెప్పలో మిగిలింది ఇదొక్కటే రంగా."

తరవాత అనసూయ వైపు తిరిగి దణ్ణం పెట్టాడు. "వచ్చావామ్మా," అన్నాడు. ఇంకేదో వరస కలిపి పిలవబోయి, ఆ మాట గొంతులోనే ఆపుకున్నట్టు ఆమెకి అనిపించింది.

ఇంతలో గుడిసెల వైపు నుంచి ఒక ముసలావిడ వచ్చి తెప్పకి అడ్డంగా నిలబడింది. వీరాస్వామి తల్లి పున్నమ్మ. సన్నటి మనిషి, గొంతు మాత్రం గాలికి ఎదురుగా అరిచి అరిచి గట్టిపడ్డది.

"ఈ పిల్లేనా? దీన్నా నువ్వు కూచోబెట్టేది?"

"అవునమ్మా."

"నేను కూచోనియ్యను. ఎవరి బిడ్డనో తెచ్చి నా బిడ్డ కూచోవాల్సిన చోట కూచోబెడతావేరా? దీన్ని కన్నతల్లి ఎక్కడుందో. ఆమెకి నేనేం సమాధానం చెప్పాలి?"

"పెద్దమ్మ చెప్పింది నిజం," అన్నాడు పాండురంగారావు వెంటనే. "వదిలెయ్ వీరా. ఇంకో ఏడాదికి మీలోనే ఎవరికైనా పెళ్లవుతుంది. అందాకా నేను బియ్యం పంపుతాను."

వీరాస్వామి చేతిలో ఉన్న తాడు కింద పడేశాడు.

"ఒడ్డున ఉంచితే పిల్లకి ఏమీ కాదనేగా నీ ధైర్యం?" అన్నాడు, గొంతు పెంచకుండా. "మా చెల్లి ఒడ్డునే ఉంది రంగా. ఇంట్లో, తలుపేసుకుని, అమ్మ పక్కన పడుకునుంది. సముద్రంలో పోయిన మా వాళ్లందర్నీ వేళ్ల మీద లెక్కెట్టొచ్చు. ఒడ్డున పోయినోళ్లకే లెక్క లేదు."

దేవదానం తల వంచుకున్నాడు. అవతల తెప్పల దగ్గర నిలబడ్డ మగవాళ్లు ఒక్కరొక్కరే చుట్టలు పారేసి వెనక్కి తిరుగుతున్నారు. ఒకతను తన తెప్పకి కట్టిన తాళ్లు విప్పుకోవడం మొదలుపెట్టాడు. ముడులు విప్పుతున్న ఆ చేతుల్నే అనసూయ చూస్తూ ఉండిపోయింది. ఇంత కష్టపడి కట్టుకున్నది ఎంత తేలిగ్గా విడిపోతోందో!

ఆమెకి భయం పోలేదు. అయినా వెళ్లి, పున్నమ్మని దాటుకుని, ముందు దుంగ మీద కూర్చుంది. ఎండకి దుంగ వెచ్చగా ఉంది. చెక్కిన చోట ఇంకా నునుపు తేలలేదు, చీరకి పీచులు గుచ్చుకున్నాయి.

"నేను కూర్చుంటానండీ," అంది. "మా అమ్మకి నేనే చెప్పుకుంటాను."

పున్నమ్మ కదలకుండా చూసింది. చూపు అనసూయ మొహం మీద లేదు, ఆమె కూర్చున్న చోటు మీద ఉంది. తరవాత వచ్చి ఆమె భుజం పట్టుకుంది. లేపేస్తుందనుకున్నారందరూ.

"అట్టా కాదు పిల్లా. కాళ్లు ఎడంగా పెట్టుకో. ఈ తాడు చూశావా, ఇది పట్టుకోవాలి. కెరటం లేచినప్పుడు దాని వంక చూడబాక, దాని అవతలికి చూడాలి." చేతులతో అనసూయ మోకాళ్లు సర్ది, పాదాలు దుంగకి ఆనించింది. ఆ చేతులు అక్కడే కాసేపు ఉండిపోయాయి. "ప్రమీలకి కూడా ఇదే చెప్పేదాన్ని. దానికి ఊరికే ఊగులాట. కుదురుగా కూచునేది కాదు."

"నేనూ కుదురుగా కూర్చోనండీ," అంది అనసూయ. "మా అత్తగారు రోజూ తిడతారు."

పున్నమ్మ మొహంలో ఏదో కదిలింది. నవ్వు దాకా రాలేదు గాని, అటువైపుదే.

"ఈతొచ్చా?"

"రాదండీ."

పున్నమ్మ పాండురంగారావు వైపు తిరిగింది. "విన్నావుగా. నువ్వు ఒడ్డున నిలబడి కేకలేస్తే కుదరదు. చెక్క తెచ్చావుగా? నువ్వు దాని మీద ఈ పిల్ల పక్కనే పోవాలి. వస్తే చెప్పు, దించుదాం. లేదంటే ఇప్పుడే జీపెక్కి పొండి."

పాండురంగారావు భార్య వైపు చూశాడు. ఆమె కొంగు ముడి విప్పి తాళంచెవి తీసి చూపించింది, కావాలంటే ఇస్తానన్నట్టు. ఆయన ఆ తాళంచెవిని చూశాడు, సముద్రాన్ని చూశాడు. ఇసుకలో కూర్చున్నాడు. బూట్లు విప్పడం మొదలుపెట్టాడు. ముడి బిగుసుకుపోయింది. దేవదానం సాయం రాబోతే చేత్తో వద్దన్నాడు. రెండు బూట్లూ విప్పి, వాటిని జీపు కింద పెట్టి, ఎక్కి, చెక్కకి కట్టిన తాళ్లు ఒకటొకటే విప్పాడు. వీరాస్వామి రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరూ దాన్ని మోసుకొచ్చి తెప్ప పక్కన, ఎడమవైపు ఇసుకలో ఆనించారు. పాతదీ కొత్తదీ పక్కపక్కన.

అవతల తాళ్లు విప్పుకుంటున్నతను చేతులాపి, మళ్లీ ముడులు వేసుకోవడం అనసూయ చూసింది.

"చెల్లెమ్మా," అన్నాడు వీరాస్వామి. ఆ మాటకి పున్నమ్మ కొడుకు వైపు చూసి, చప్పున మొహం తిప్పుకుంది. "ఇవాళ గాలి పెడగా ఉంది, తెప్పని వెనక్కి కొడతది. ఇవాళ కాదు."

"ఇవాళ కాదు," అంది పున్నమ్మ, కొంగుతో మొహం తుడుచుకుని. అప్పుడు అందరికీ వినపడేటట్టు గొంతు ఎత్తింది. "రేపు తెల్లారగట్ల, నీళ్లు వెనక్కి తీసే వేళకి దించుదాం. పిల్ల ముందు దుంగ మీద కూచుంటది. వీరాస్వామి వెనక తెడ్డేస్తాడు. రంగా, నువ్వు ఎడమ పక్కన చెక్క మీద. మాస్టారు నాతోపాటు ఒడ్డున పొడిబట్టలు పట్టుకుని నిలబడతాడు. పసుపు నేను నూరి తెస్తా." ఒక్క క్షణం ఆగి అనసూయ వైపు చూసింది. "పొద్దున్నే ఏమీ తినబాకండి. చద్దన్నం పెడతా, తిరిగొచ్చాక తిందురుగాని."